నలభై ఒకటో చీటీ

బెంచీ చల్లగా ఉంది. ఇనప బెంచీ, మాఘమాసపు చలి, చీర మడతలు రెండు కిందికి లాక్కొని కూచున్నా ఆ చలి ఎముకల్లోకి నడిచొచ్చేస్తోంది, అయినా దాలమ్మకి ఇప్పుడు చలి గురించి తలుచుకునే తీరిక లేదు. ఒళ్ళో ఎర్రట్ట నవల, దాని మీద బిస్కట్ల డబ్బా, డబ్బాలో నాలుగు రంగుల చీటీలు, లెక్కకి నలభై ఒకటి. బళ్ళో మూడో గంట కొట్టేలోపల ఈ నలభై ఒకటీ పుస్తకంలో ఎక్కడివక్కడికి పోయి కూచోవాలి. లేకపోతే మనవరాలు స్వాతీ, దాని జట్టులో మిగతా ముగ్గురూ క్లాసంతటి ముందూ నిలబడి నీళ్ళు నమలాలి. రెండు నెలలు కూచుని చదివి రాసుకున్నదంతా చెప్పే రోజు ఇవాళే మరి. ఆ చీటీలు పీకిందెవరు? తనే. డెబ్బై యేళ్ళొచ్చిన ఈ చేతులే. పోనీ తెలివితక్కువగా పీకిందా అంటే అదీ కాదు, భక్తిగా పీకింది, ఒక్కొక్కటీ చిరక్కుండా, గోటితో నెమ్మదిగా, పెళ్ళికూతురి చేతికి గాజు ఎక్కిస్తున్నంత జాగ్రత్తగా.

నిన్న సరస్వతీ పూజ. ఈ రైల్వే ఊరొచ్చి యాభై రెండేళ్ళయింది, బెంగాలీ వాళ్ళ పండగలు ఎప్పుడు తమ పండగలైపోయాయో తారీఖు చెప్పలేదు దాలమ్మ. పక్క క్వార్టరు దీదీ నేర్పింది: పూజకి ముందు రేగుపళ్ళు నోట పెట్టకూడదు, పిల్లలు పసుపురంగు బట్టలు కట్టుకోవాలి, చదువుకునే పుస్తకాలు తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెట్టేయాలి, పెట్టాక ఆ రోజంతా ఎవరూ పుస్తకం ముట్టకూడదు, ఆ రోజు చదువు అమ్మవారిది. స్వాతి తన పుస్తకాలన్నీ మంచం మీద పడేసి, పసుప్పచ్చ చీరకి కుచ్చిళ్ళు ఎలా పెట్టాలో తెలీక తిప్పలు పడుతూ, "మామ్మా, ఆ పుస్తకాలు నువ్వే పెట్టీవా?" అంది. పెట్టింది. పెట్టేముందు చూస్తే ఎర్రట్ట పుస్తకానికి నాలుగు వైపులా నాలికల్లాగా రంగు కాయితాలు బయటికొచ్చి వేలాడుతున్నాయి, ఒకదాని మీద పసుపు మరక, ఒకదాని మీద నూనె. ఇదేటి, అమ్మవారి ముందు ఇలాగ పెడతారా ఎవరైనా, తలంటు పొయ్యకుండా పిల్లని పేరంటానికి పంపినట్టు? కూచుని ఒక్కొక్కటీ తీసింది. అవతల పారెయ్యలేదు, కాయితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే మనిషి పారేస్తుందా. పసుపువి పసుపు, గులాబీవి గులాబీ, నీలంవి నీలం, ఆకుపచ్చవి ఆకుపచ్చ, రంగు రంగుగా దొంతర్లు పెట్టి బిస్కట్ల డబ్బాలో భద్రం చేసింది. పుస్తకం అట్ట తడిగుడ్డతో తుడిచి కుంకం బొట్టు కూడా పెట్టింది. రోజంతా ఎవరూ ముట్టకూడదు గనక ఎవరూ చూడలేదు. పొద్దున్నే బడికెళ్ళబోతూ స్వాతి పుస్తకం అందుకుంది, తిరగేసింది, మళ్ళీ తిరగేసింది, చంకలో సంచీ జారిపోయింది.

అరిచినా బాగుండేది. అరవలేదు గుంట. "మామ్మా, ఏటి సేసినావు" అని ఒక్క మాటంది, అన్నప్పుడు దాని గొంతు వాళ్ళ తాత గొంతులాగే కిందికి పోయింది. తర్వాత డబ్బా చూసింది, రంగుల దొంతర్లు చూసింది, మూత పెట్టేసింది. "పోనీలే మామ్మా, నోటితోనే ఏదో సెప్పేస్తాంలే" అని పుస్తకం కూడా అక్కడే వదిలేసి సైకిలెక్కి వెళ్ళిపోయింది. ఆ పోనీలేమామ్మా అన్నదే గుచ్చుకుంది. తిట్టు ఒకటుంటే మర్నాటికి అరిగిపోద్ది, పోనీలే అన్నమాట అరగదు. టీ పొయ్యి మీద అలాగే మరుగుతూంటే కట్టేసి, చెప్పులేసుకుని, పుస్తకం డబ్బా కొంగులో చుట్టుకుని, ఓల్డ్ సెటిల్‌మెంట్ సందులోంచి రోడ్డెక్కి టోటో, అదే బాటరీ రిక్షా, ఆపింది. టోటో కుర్చీ మీద గుంతల్లో ఎగిరెగిరి పడుతూ, "దాదా, ధీరే చలో, చీటీలు కలిసిపోతాయి" అంటే వాడు వెనక్కి తిరిగి, "ఏమిటమ్మా, లాటరీ చీటీలా?" అన్నాడు. లాటరీయే నాయనా, ఇంతకన్నా పెద్ద లాటరీ నా జన్మలో తగల్లేదు.

బళ్ళో తెలుగు చెప్పే కిరణ్మయి టీచరు మంచి మనిషి. పొద్దున్నే తలకి మఫ్లరు చుట్టుకున్న ముసలిది వరండాలో బిస్కట్ల డబ్బాతో నిలబడి రొప్పుతూంటే కోప్పడలేదు, కూచోబెట్టి సంగతంతా విన్నది, విని నవ్వు ఆపుకోడానికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "తప్పు మీది కాదు మామ్మగారూ, చీటీ మీద పేజీ నంబరు రాయండర్రా అని రెండు నెలల్నుంచీ మొత్తుకుంటున్నా. తర్వాత రాస్తాం టీచర్, తర్వాత రాస్తాం. అంటించేశాం కదా అని ధీమా." అని, గోడ గడియారం చూసి, "ఇప్పుడు వాళ్ళకి రెండు పీరియడ్లూ లెక్కలు, లేపకూడదు. మూడోది నాది. పేజీ అక్కర్లేదు, ఏ అధ్యాయంలోదో తెలిస్తే చాలు, మిగతాది పిల్లలు వెతుక్కుంటారు. కానీ మీకు చదవడం..." అని ఆగిపోయింది. మర్యాద తెలిసిన పిల్ల. "రెండో తరగతమ్మా," అంది దాలమ్మ. "అంకెలొచ్చు. అచ్చరాలు అడిగితే ఒకటొకటిగా వస్తాయి, జంటగా రమ్మంటే సిగ్గుపడతాయి."

అలాగ కూచుంది. ఎదురుగా తలుపు మూసిన గది, లోపల లెక్కల మేస్టారి గొంతు గోడని సుత్తి పెట్టి కొట్టినట్టు, దూరంగా యార్డులో బళ్ళు గుద్దుకుని సాగే గొలుసు చప్పుడు. మొదటి చీటీ తీసింది. గులాబీ. ఇది రాసింది స్వాతి జట్టులో జెనీ, జెనీ అక్షరాలు గుండ్రంగా జిలేబీ చుట్టల్లా ఉంటాయి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వెళ్తాయి. ఏం రాసిందో తెలీదు. కానీ మూలని ఆవనూనె మరక ఉంది. ఆవనూనె అంటే మరమరాల రోజు. ఉల్లిపాయ, పచ్చిమిరప తరిగి, ఆవనూనె కలిపి గిన్నెతో అరుగు మీద పెడితే నలుగురూ నాలుగు చేతులూ పెట్టేశారు, జెనీ ఎడంచేత్తో తింటూ కుడిచేత్తో రాసింది, రాస్తూ రాస్తూ చేతులు మార్చేసింది. ఆ రోజు చదివింది ఎక్కడ? నవల్లో లక్ష్మీకాంతం ఉప్పు మళ్ళలోకి మొదటిసారి దిగి కాళ్ళు పగిలిన రోజు. జట్టులో ఇంకో పిల్ల రష్మిత చదువుతూ చదువుతూ ఆగి, "గిదేంది అమ్మమ్మా, కొటారు అంటే ఏంది?" అంది. రష్మిత వాళ్ళు కరీంనగర్ వాళ్ళు, నాన్న ఇక్కడ పెద్ద ఇంజినీర్ల కాలేజీలో పనిచేస్తాడు, ఆ పిల్ల తెలుగు వింటూంటే బెల్లం ముక్కలో కారం తగిలినట్టుంటుంది. ఉప్పు కొటారంటే ఉప్పు పండించే మడే తల్లీ, సముద్రం నీళ్ళు కట్టేసి ఎండకి వదిలేస్తారు, నీళ్ళు పోతాయి, ఉప్పు మిగులుతాది. అన్నది తను. జెనీ చటుక్కున రాసేసింది. అయితే ఇది మూడు. పుస్తకంలో 3 అంకె ఎక్కడుందో వెతికి, ఆ పేజీలో చీటీ అంటించబోయింది. జిగురు పోయింది, అంటలేదు. నాలిక మీద తడి చేసుకుందామని, మళ్ళీ సరస్వతమ్మ గుర్తొచ్చి మానేసి, ఊరికే పేజీల మధ్య దోపింది.

ఒకటి. ఇంకా నలభై. ఎంత సిత్రంగా నేర్పుతున్నారు ఈ రోజుల్లో, అనుకుంది. తన చిన్నప్పుడు మేస్టారు చెప్పింది అందరూ ఒక్క గొంతుతో అరవడమే. ఈ టీచరమ్మ అలా కాదు, నలుగుర్ని కూచోబెట్టి నలుగురికీ నాలుగు పనులు చెప్పింది. ఒకరు పైకి చదవాలి. మిగతావాళ్ళు వింటూ రాయాలి. అర్థం కాని మాట దొరికితే గులాబీ చీటీ. కొత్త మనిషి కథలోకొస్తే నీలం చీటీ, వాడెవరు, ఏమవుతాడు. ఏం జరిగిందో రెండంటే రెండు ముక్కల్లో ఆకుపచ్చ చీటీ. అనుమానం పుడితే పసుపు. మర్నాడు పనులు మార్చుకోవాలి. విన్నదంతా రాయొద్దు, మనసుకి తగిలిందే రాయండి, అందిట టీచరు. అది విని దాలమ్మ నవ్వింది. తగిలిందే రాయాలంటే నాకు మొత్తం పుస్తకం రాసుకోవాలే, నాకు తగలందేటుంది అందులో? ఆకుపచ్చ చీటీ వంతు జట్టులో మగపిల్లాడు అభినయ్‌కి వచ్చిందంటే అంతే, వాడికి రెండు ముక్కల్లో చెప్పడం చేత కాదు, తుపాను అని రాసి కింద ఇంకా పదకొండు గీతలు గీకేవాడు. "ఒరే, రెండు ముక్కలంటే రెండు ముక్కలురా, మీ నాన్న ఇంజను నడుపుతూ సిగ్నలు చూసి వ్యాసం రాస్తాడేటి?" అని స్వాతి వెక్కిరించేది. "మీ మామ్మ మరమరాల గురించి చెప్తే రెండు ముక్కల్లో చెప్తదా?" అని వాడు. అందరూ నవ్వారు, తనే ఎక్కువ నవ్వింది.

నీలం చీటీ ఒకటి, సిరా కరిగి ఆకాశంలో మబ్బులా అలుక్కుపోయింది. ఇది తెలుసు. డిసెంబరులో వేళకాని వేళ వాన పడింది, అరుగు మీద జల్లు కొట్టి పుస్తకాన్ని రష్మిత చున్నీ కింద దాచింది, సరిగ్గా అప్పుడే పుస్తకంలో కూడా తుపాను. ఐదు. ఇంకో ఆకుపచ్చది, మైనం చుక్క పడి గట్టిపడింది, సాయంత్రం కరెంటు పోయి కొవ్వొత్తి పెట్టిన రోజు, లక్ష్మీకాంతం మొగుడు పడవలోంచి తిరిగి రాని భాగం, ఏడు. ఇంకో గులాబీది వేలికి అంటుకుపోతోంది, ఖర్జూరబెల్లం, కొత్త బెల్లం వచ్చిందని ఖరిదా బజారు నుంచి తెచ్చి తలో ముక్కా పెట్టింది, ఎనిమిది. ఇది సగం ఊదా సగం నలుపు, జెనీ ఊదారంగు పెన్ను మధ్యలో అయిపోయింది, లక్ష్మీకాంతం మళ్ళీ ఉప్పు మడి కట్టడం మొదలెట్టిన చోట, తొమ్మిది. ఇది గీతలు వంకరగా, అభినయ్ క్రికెట్టాడి బొటనవేలు వాచిన వారం, ఆరు కావచ్చు, కాదు కాదు, ఆరులో వాడు చదివాడు, రాయలేదు, చేత్తో పనిలేదని వాడే చదువుతానన్నాడు, అయితే ముందురోజు. ఐదు. ఓలమ్మా, చూస్తూ చూస్తూ సగం అయిపోయాయి. చీటీ మీద రాసింది ఒక్కటీ చదవలేదు తను, ఒక్కటీ తప్పు పెట్టలేదనే నమ్మకం. పెనిమిటి నూకయ్య ఉంటే చూసి నవ్వేవాడు.

నూకయ్య రైల్వే వేగన్ల షాపులో పనిచేసేవాడు, ముప్పై ఆరేళ్ళు. బండి వచ్చి నిలబడితే ఒక్కొక్క వేగన్ పక్కనే నడుస్తూ చిన్న సుత్తితో చక్రం మీద టంగుమని కొట్టేవాడు, చప్పుడు వినేవాడు, పగులుందా లేదా చప్పుడులో తెలిసిపోద్ది అనేవాడు. రోగం తెలిశాక సుద్దముక్కతో ఆ పెట్టె మీదే రాసేవాడు, ఇదిగో ఇక్కడ ఇది అని. మంచం పట్టిన పెట్టెల్ని వేరే లైన్లో పెట్టేవాళ్ళు, వాళ్ళు దాన్ని సిక్ లైన్ అనేవాళ్ళు, కొత్తగా వచ్చినప్పుడు దాలమ్మ అదేదో ఆసుపత్రి అనుకుంది. ఒక రోజు జోరు వాన, లైన్లో ఉన్న పెట్టెలన్నిటి మీదా సుద్ద కడుక్కుపోయింది. కొత్త గుమాస్తా బాబు నెత్తి కొట్టుకున్నాట్ట, ఏ పెట్టెకి ఏ రోగమో ఇప్పుడెవరు చెప్తారని. నూకయ్య బీడీ పారేసి లేచి, మొదటి పెట్టె దగ్గర్నుంచి నడవడం మొదలెట్టాట్ట. "సుద్ద పోతే రోగం పోద్దేటి బాబూ? సుద్ద గీసింది నా సెయ్యి, రోగం ఇన్నది నా సెవి." మళ్ళీ గీసుకుంటూ పోయాడు చివరి దాకా. ఇంటికొచ్చి తడిబట్టలతోనే చెప్పాడు ఆ సంగతి, చెబుతూంటే మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు ఎలాంటిదో నాకు ఇన్నాళ్ళకి తెలిసిందయ్యా, అని దాలమ్మ పెదవులు కదిలాయి. నీది ఇనప పెట్టెలు. నావి కాయితం ముక్కలు.

కార్ఖానా సైరను మోగలేదు గనక ఇంకా టైముంది. లోపల మేస్టారు ఎవర్నో పేరెట్టి లేపుతున్నాడు, స్వాతిని కాదు కదా, ఆ గుంట ఇవాళ లెక్కలేం వింటుంది, దాని బుర్రంతా ఈ డబ్బాలోనే ఉంటుంది. అసలు భయం మార్కులు కాదు దాలమ్మకి, మార్కులు వస్తాయి పోతాయి. ఈ జట్టు బాగా చెప్తే తర్వాత నవల కూడా ఈ నలుగురికే ఇస్తానంది టీచరు, లేకపోతే జట్లు కలిపి మార్చేస్తుంది. మార్చేస్తే ఇంకెవరింటికో పోతారు. సాయంత్రం నాలుగున్నరకి సైకిలు బెల్లులు, "మామ్మా మేమొచ్చీసినాం" అన్న కేక, చెప్పులు నాలుగు జతలు నాలుగు వైపులకి పడి ఉండడం, ఆ అరుగు మీద ఒకరి తల మీద ఒకరు తల పెట్టి ఒక్క పుస్తకం మీద వంగడం. అవన్నీ పోతాయి. ముందసలు తనింట్లో కూచుందామని ఎవరూ అనుకోలేదు, జెనీ వాళ్ళింట్లో టీవీ నోరు మూయదు, రష్మిత వాళ్ళిల్లు దూరం, అభినయ్ వాళ్ళ నాన్న డ్యూటీ దిగి పగలంతా పడుకుంటాడు. మొదటి రోజు తను ఏమీ విననట్టు బఠాణీలు ఒలుస్తూ కూచుంది. రెండో రోజు బఠాణీలు లేకపోయినా చేట పట్టుకుని కూచుంది. మూడో రోజు వాళ్ళు పుస్తకం మూస్తే, "మరి ఆ మడి గట్టు తెగిందా లేదా?" అని నోరు జారింది. నలుగురూ వెనక్కి తిరిగి చూశారు. ఆ రోజు నుంచి చేట అక్కర్లేకపోయింది. మామ్మ రాందే మొదలెట్టేవాళ్ళు కాదు. డెబ్బై యేళ్ళలో ఒక పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తన చెవిలో పడడం ఇదే. ఎవరికి దణ్ణం పెట్టాలి దీనికి? పుస్తకం రాసినవాళ్ళకా, టీచరమ్మకా, ఆ జెనీ వాళ్ళింట్లో టీవీకా?

ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. నలభై, ఇది నీలం, లక్ష్మీకాంతం తమ్ముడు ఫణీంద్ర గురించిన చీటీ, పక్కన రష్మిత మీసాల మనిషి బొమ్మ గీసింది, పది. ఒకటి మిగిలింది.

పసుపు. స్వాతి రాత, పాప నిటారుగా రాస్తుంది, బడిలో వరసలో నిలబెట్టినట్టు. తిప్పి చూసింది. మరక లేదు. నూనె లేదు, టీ లేదు, మైనం లేదు, మడత కూడా లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది, వాసన లేదు. ఒక్క చీటీ కూడా ఇలా మొండికెయ్యలేదు ఇప్పటిదాకా. ఈ రాత రాస్తున్నప్పుడు తనెక్కడుంది? రాశాక ప్రతి చీటీ పైకి చదివేవాళ్ళు, ఇది చదివినట్టు గుర్తు లేదు, గుర్తు లేకపోవడం అనేది ఈ మనిషికి కొత్త. పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో చెప్పగలదు, ఇది చెప్పలేకపోతోంది. అంటే విన్లేదు. అంటే తను అక్కడ లేనప్పుడు రాశారు. తను లేచి లోపలికెళ్ళింది ఎప్పుడు? టీకి వెళ్తుంది, కానీ టీ పెట్టడానికి వెళ్తే చదవడం ఆపేవాళ్ళు. ఒక్కరోజు. ఒక్కరోజు తనే లేచి వెళ్ళిపోయింది.

పదో అధ్యాయం. లక్ష్మీకాంతం తమ్ముడు ఆరు కోసులు నడిచి అక్క గుమ్మం ముందుకొచ్చి పిలుస్తాడు. ఆమె లోపల ఉంది. తలుపు తియ్యదు. అంతే, పుస్తకంలో ఇంకేమీ లేదు, తర్వాత పేజీలో తెల్లారిపోతుంది. నలుగురూ కొట్టుకు చచ్చారు ఆ రోజు. కోపమని అభినయ్, ఆస్తి తగూ ఉందిగా మొదట్లో అని. పొగరని రష్మిత, "గంత దూరం నడిచొచ్చినోనికి మంచినీళ్ళన్న ఇయ్యదా?" అని. జెనీ కళ్ళలో నీళ్ళు. దాలమ్మ ఊరుకోలేకపోయింది. "కోపం కాదు, పొగరూ కాదు. మళ్ళీ మొదట్నించి సదవండి. పొద్దున్న కాకి ఒచ్చి వాకిట్లో ఏటీ దొరక్క పోనాదా లేదా? కుండ బోర్లించిందా లేదా? ఇంట్లో గింజ లేదు. ఆకలితో ఒచ్చిన తమ్ముడి ముందు ఏటి పెడతాది? కాళీ కుండ సూపించే కన్నా ఇంట్లో లేనట్టు కూకోడం నయం." వెనక్కి తిరగేసి చూశారు, కాకి ఉంది, కుండ ఉంది. చకచకా రాసుకున్నారు. అప్పుడు స్వాతి తలెత్తి, "నీకెలాగ తెలుసు మామ్మా?" అంది. మామూలుగానే అడిగింది. "ఏటో, తెలుసులే," అని దాలమ్మ లేచి లోపలికెళ్ళి, వెలగని పొయ్యి ముందు నిలబడి, చాలాసేపు గ్లాసులు తోమింది, తోమిన గ్లాసులే.

సమ్మె రోజులు. రైళ్ళు ఆగిపోయిన వైశాఖం. దేశమంతా ఆగినా అక్కడక్కడ ఒకటో రెండో బళ్ళు పోలీసు పహరాతో తిరిగేవి. నూకయ్య పోలీసులకి దొరక్కుండా ఎక్కడున్నాడో తెలీదు, జీతం లేదు, చుట్టుపక్కల ఎవరింట్లోనూ లేదు కాబట్టి అడగడానికీ మొహం లేదు, పొయ్యి వెలగక నాలుగో రోజు. మధ్యాహ్నం ఎండలో తలుపు మీద చెయ్యి. "అక్కా! దాలక్కా!" తమ్ముడు సింహాద్రి గొంతు. టెక్కలి దగ్గర ఊరి నుంచి ఏ బండెక్కి, ఎంత నడిచి వచ్చాడో. పద్నాలుగేళ్ళవాడు. వాణ్ణి ఎత్తుకుని పెంచింది తను. తలుపు వెనక గోడకానుకుని కూచుని రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. పిలిచాడు. ఆగాడు. మళ్ళీ పిలిచాడు. తర్వాత ఏదో కింద పెట్టిన చప్పుడు, అడుగుల చప్పుడు. చాలాసేపయ్యాక తలుపు తీస్తే గుమ్మంలో బుట్ట, బుట్ట నిండా తాటిముంజెలు, అడుగున గుడ్డమూటలో అటుకులు, బెల్లం ముక్క. ఆ మూట చూసి ఇంకా ఏడ్చింది, కోపంలో దారిబత్తెం కూడా మర్చిపోయి పోయాడు నా తమ్ముడు అని. తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళలో కలిశారు, వాడూ అడగలేదు, తనూ చెప్పలేదు. వాడు పోయి ఎనిమిదేళ్ళయింది. నూకయ్యకి కూడా చెప్పని సంగతి అది. యాభై యేళ్ళు ఆ తలుపు మూసే ఉంది.

కళ్ళజోడు సర్దుకుంది దాలమ్మ. చీటీని కళ్ళ దగ్గరికీ దూరానికీ జరిపి, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. రాండ్రా, సిగ్గుపడకండి, ఒకరెనకాల ఒకరు రండి. త. దాని పక్కన మ్ము, దీనికి కింద ఇంకో మ వేలాడుతోంది. డి. కి. తమ్ముడికి. ఊపిరి పీల్చుకుంది. తె. లు. సా. దాని పక్కన కొక్కెం లాంటి గుర్తు, అది అడగడం గుర్తు, స్వాతే చెప్పింది ఒకసారి. తమ్ముడికి తెలుసా? కింద ఇంకో వరస ఉంది, దానికి ఇంకా చాలాసేపు పట్టింది, లోపల మేస్టారు ఒక లెక్క మొదలెట్టి పూర్తి చేసేటంత సేపు. పుస్తకంలో లేదు. మామ్మనడగాలి.

అడగలేదు. రెండు నెలల్లో మామ్మని ఉప్పు గురించి అడిగారు, తుపాను గురించి అడిగారు, దారం పురిపెట్టడం ఎలాగని అడిగారు, ఇదొక్కటీ అడగలేదు, మామ్మ లేచి వెళ్ళిన తీరు చూసి అడక్కుండా అంటించి ఊరుకున్నారు. నా బంగారు తల్లులు. తమ్ముడికి తెలుసా. వాడికి తెలుసా? వాడు గుమ్మం ముందు నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం. ఏ ఇంటి కప్పు మీద పొగ లేదు, పొయ్యి వాసన లేదు, గుమ్మంలో కడిగిన అన్నం గిన్నె లేదు. పల్లెటూరి పిల్లడు, ఊళ్ళో ఎవరింట్లో వండారో వీధి మొగలోంచే చెప్పగలిగినవాడు, వాడికి తెలీదా? కోపంతో పోయేవాడైతే బుట్ట భుజానేసుకునే పోడా? పోనీ బుట్ట బరువని వదిలేశాడనుకో, దారిబత్తెం ఎవరైనా మర్చిపోతారా? దారిబత్తెం మీదే ప్రాణం ఉంటుంది ప్రయాణంలో, చెప్పులు మర్చిపోతారు, గొడుగు మర్చిపోతారు, అటుకుల మూట మర్చిపోరు. బుట్టలో అడుగున, ముంజెల కింద. పైన కాదు, కింద. ఎవరికీ కనబడకుండా. దాలక్కకి సిగ్గనిపించకుండా. పద్నాలుగేళ్ళవాడు, ఆ రాత్రి ఏమీ తినకుండా, ఏ బండి దొరికితే ఆ బండిలో, టెక్కలి దాకా.

యార్డులో ఏదో ఇంజను కూత పెట్టింది. దాలమ్మ కొంగు తీసి మొహం తుడుచుకుంది, కానీ ఏడుపు కాదు అది, లేకపోతే ఏడుపే గానీ అటుపక్క నుంచి వచ్చింది. ఒరే సింహాద్రీ, అనుకుంది. ఒరే నా తండ్రీ. యాభై యేళ్ళు నేను నీకు అపకారం చేశానని కుములుతుంటే నువ్వు నవ్వుకుంటూ నా చేతి అన్నం తిని పోయేవాడివిరా ప్రతి పెళ్ళిలోనూ. పదిహేనేళ్ళు నిండని గుంటలు కూచుని ఒక కొక్కెం గుర్తు పెడితే గాని నాకు తెలవలేదు. పుస్తకంలో లేదు అని కూడా రాశారు, చూడు, వాళ్ళకి ఎంత జాగ్రత్త, లేనిది ఉందనరు. ఎవరికి దణ్ణం పెట్టాలో ఇందాక తెలీలేదు, ఇప్పుడు తెలిసింది గానీ వాళ్ళు లెక్కలు చేసుకుంటున్నారు.

పదో అధ్యాయం తీసి, తలుపు దగ్గర, ఆ చీటీ పెట్టి అరచేత్తో అదిమింది. జిగురు పట్టలేదు. మళ్ళీ అదిమింది. పట్టింది.

గంట కొట్టారు. తలుపు తెరుచుకుంది, లెక్కల మేస్టారు చేతికి సుద్దపొడి దులుపుకుంటూ వెళ్ళిపోయాడు, వెనకే స్వాతి పరిగెత్తుకొచ్చింది, దాని వెనక మిగతా ముగ్గురూ. ఒళ్ళో పుస్తకానికి నాలుగు వైపులా మళ్ళీ రంగు నాలికలు. "మామ్మా! అన్నీనా?" "అన్నీనే. పేజీ నంబర్లు మాత్రం బేగి రాసుకోండి, మళ్ళీ పూజొస్తే నేను బాధ్యురాలిని కాను." అభినయ్ పుస్తకం అందుకుని గబగబా తిప్పాడు, "రష్మితా, కరెక్టేరా ఇది, మూడులో కొటారు, ఐదులో తుపాను..." అంటున్నాడు. స్వాతి మాత్రం పదో అధ్యాయం దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది. పసుపు చీటీ చూసింది. మామ్మ మొహం చూసింది. చెంపల మీద తడి ఇంకా ఆరలేదు.

"సదివినావా?" అంది నెమ్మదిగా.

"సదివినాను. అరగంట పట్టింది." దాలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని బెంచీ మీంచి లేచింది, మోకాళ్ళు కటకటమన్నాయి. గుమ్మంలో కిరణ్మయి టీచరు తలుపు రెక్క పట్టుకుని నిలబడింది, "రండి మామ్మగారూ, మీరూ లోపలికి రండి" అంటోంది.

"తెలుసునే," అంది దాలమ్మ స్వాతితో, గుమ్మం దాటుతూ. "ఆడికి తెలుసు. రాసుకో."